కుక్కకు స్టాండు గిన్నె: అవసరం తేల్చుకోవడం నుంచి సరైన ఎత్తు దాకా

"మా ల్యాబ్రడార్‌ తిండిగిన్నెను ఎత్తులో పెట్టడానికి ఎన్ని అంగుళాల స్టాండు కొనాలి?" చాలామంది అడిగే ప్రశ్న ఇదే. జాతి పేరు విని దీనికి జవాబు చెప్పడం కుదరదు. ఒకే జాతి, ఒకే బరువు ఉన్న రెండు కుక్కల్లో ఒకదానికి స్టాండు నొప్పి తగ్గిస్తే, రెండోదానికి లేని ముప్పు తెచ్చిపెట్టవచ్చు. అందుకే ఇక్కడ కొనడం ఆరో మెట్టులో గానీ రాదు. దానికి ముందున్నవన్నీ ఇంట్లో ఉన్న వస్తువులతో, పెద్దగా ఖర్చు లేకుండా చేసుకోగలిగినవి. వరుస తప్పించకండి. ముందు స్టాండు కొనేసి, ఆ తర్వాత కుక్కను దానికి సర్దాలని చూసేవారే ఎక్కువగా డబ్బు పోగొట్టుకుంటారు.

1. అవసరం ఉందో లేదో తేల్చుకోండి

ఆరోగ్యంగా ఉన్న కుక్కకు నేల మీద గిన్నెతో ఏ ఇబ్బందీ లేదు. దాని మెడ, భుజాలు, ముందుకాళ్లు తల వంచి తినడానికి తగ్గట్టే ఉంటాయి. ముద్ద గొంతు దాటాక దాన్ని కడుపులోకి నెట్టేది అన్నవాహిక కండరాలే కాబట్టి తల కిందికి ఉన్నంత మాత్రాన తిండి ఆగిపోదు. స్టాండు మీద పెడితే బాగా అరుగుతుందన్నది అమ్మేవాళ్లు చెప్పే మాట. దాన్ని నమ్మి కొనవద్దు.

మరి ఎవరికి పనికొస్తుంది? నిలబడి ఉన్న కుక్క బరువులో సుమారు 60 శాతం ముందుకాళ్ల మీదే పడుతుంది. తల వంచినప్పుడు ఆ భారం ఇంకా ముందుకు జరుగుతుంది. మోచేతుల్లోనో భుజాల్లోనో కీళ్లవాతం ఉన్న ముసలి కుక్కకు, మెడ వెన్నుపూసల జబ్బు ఉన్నదానికి, మెడకు ఆపరేషన్ అయినదానికి, ముందుకాలు ఒకటి తీసేయాల్సి వచ్చినదానికి ఆ వంగడమే కష్టం. గిన్నెను కొంత పైకి తెస్తే వాటికి ఊరట దొరుకుతుంది.

రెండు మూడు పూటలు కుక్క తింటుండగా పక్క నుంచి ఫోనులో వీడియో తీయండి. ఎదురుగా నిలబడి తీస్తే మెడ, మోచేతులు సరిగా కనిపించవు. తర్వాత నిదానంగా చూసి వీటిని గుర్తు పెట్టుకోండి:

- ముందుకాళ్లను మామూలు కంటే బాగా ఎడంగా పెడుతోందా?
- మోచేతులు వంచి కిందికి దిగుతోందా?
- నిలబడి మొదలుపెట్టి మధ్యలో పడుకుని తింటోందా?
- రెండు మూడు ముద్దలకోసారి తల ఎత్తి ఆగుతోందా?
- గిన్నెలో వదిలేసిన తిండినే చేతితో పెడితే ఇష్టంగా తింటోందా?

ఇవి కనిపించగానే స్టాండు కావాలని తేల్చేయకండి. పంటి నొప్పి ఉన్న కుక్క కూడా తిండి మధ్యలో ఆగుతుంది. ఒక వైపే నమలడం, ముద్ద నోట్లోంచి జారిపోవడం, చొంగ, నోటి దుర్వాసన ఉంటే చూడాల్సింది పళ్లను. కాళ్లు ఎడంగా పెట్టడానికి నున్నటి టైల్స్ కూడా కారణం కావచ్చు. ఇప్పుడు చాలా ఇళ్లలో నేల అద్దంలా ఉంటుంది. వయసు మళ్లిన కుక్క దాని మీద పట్టు దొరక్క కాళ్లు చాపుకుంటుంది. గిన్నె దగ్గర రబ్బరు మ్యాటో తడిపి పిండిన గోనెసంచో పరిచి మళ్లీ వీడియో తీయండి. కొన్ని కుక్కల విషయంలో సమస్య ఇక్కడే తీరిపోతుంది.

ఉన్నట్టుండి మెడ కదపలేకపోవడం, తల వంచితే అరవడం, నడకలో తూలడం కనిపిస్తే ఇక ఈ మార్గదర్శితో పని లేదు. అదే రోజు పశువైద్యుల దగ్గరికి వెళ్లండి.

2. పెద్దజాతి కుక్క అయితే ఇది చదివాకే ముందుకు వెళ్లండి

లోతైన ఛాతీ ఉన్న పెద్ద కుక్కలకు ప్రాణం తీసే జబ్బు ఒకటుంది. కడుపు గాలితో ఉబ్బి, తన చుట్టూ తానే మెలితిరుగుతుంది. డాక్టర్లు దీన్ని జీడీవీ అంటారు, కుక్కలు పెంచేవాళ్లు బ్లోట్ అంటారు. గ్రేట్ డేన్, సెయింట్ బెర్నార్డ్, జర్మన్ షెపర్డ్, డాబర్‌మన్, రాట్‌వైలర్ వంటివి ఈ వర్గంలోకి వస్తాయి.

ఒకప్పుడు ఈ జబ్బు రాకుండా గిన్నెను ఎత్తులో పెట్టమని సలహా ఇచ్చేవారు. అమెరికాలోని పర్‌డ్యూ విశ్వవిద్యాలయ పరిశోధకులు 11 పెద్ద, అతిపెద్ద జాతులకు చెందిన 1,600కు పైగా కుక్కలను గమనించి 2000లో ప్రచురించిన ఫలితాలు అందుకు పూర్తిగా ఎదురు వచ్చాయి. ఎత్తులో పెట్టిన తిండిగిన్నె ముప్పును పెంచే అంశాల్లో ఒకటిగా తేలింది. ఆ అధ్యయనం లెక్క ప్రకారం పెద్దజాతుల్లో వచ్చిన కేసుల్లో దాదాపు 20 శాతం, అతిపెద్ద జాతుల్లో 52 శాతం దానికి ఆపాదించదగినవి. వయసు పెరగడం, గబగబా తినడం, తల్లిదండ్రులకో తోబుట్టువులకో ఈ జబ్బు వచ్చి ఉండడం మిగతా అంశాలు.

తర్వాత వచ్చిన అధ్యయనాలన్నీ ఇంత గట్టిగా చెప్పలేదు. అయినా ఎత్తు గిన్నె ఈ జబ్బు నుంచి కాపాడుతుందని తేల్చినది లేదు. కాబట్టి నా మాట సూటిగా చెబుతాను: ఆరోగ్యంగా ఉన్న పెద్దజాతి కుక్కకు తిండిగిన్నె నేల మీదే ఉండాలి. పొడుగాటి కుక్క వంగి తింటుంటే చూడటానికి మనకు బాధగా ఉందన్నది స్టాండు కొనడానికి కారణం కాదు.

పెద్ద కుక్కకే మెడ జబ్బు కూడా ఉంటే అప్పుడు రెండు ముప్పుల మధ్య తూచి చూడాలి. ఆ నిర్ణయం దాన్ని పరీక్షించిన డాక్టరుతో కలిసి తీసుకోండి. ఆయన సరేనన్నా ఈ జాగ్రత్తలు విడిచిపెట్టవద్దు:

- ఇబ్బంది తగ్గేంత వరకే, వీలైనంత తక్కువ ఎత్తు
- రోజు తిండిని రెండు మూడు పూటలుగా విడగొట్టడం
- గబగబా మింగే కుక్క అయితే తిండిని వెడల్పాటి పళ్లెంలో పలుచగా పరచడం
- తిన్న వెంటనే పరుగులు, ఆటలు లేకుండా చూడడం

ఇంట్లో అందరికీ తెలియాల్సిన లక్షణాలు ఇవి: పొట్ట బిగుసుకుని ఉబ్బడం, వాంతికి పదేపదే ప్రయత్నించినా ఏమీ రాకపోవడం, చొంగ కారడం, ఒకచోట నిలవలేకపోవడం. వీటిలో వాంతి రాని ప్రయత్నం ఒక్కటి కనిపించినా చాలు, అర్ధరాత్రి అయినా బయలుదేరాలి. వాము నీళ్లు, సోడా పట్టిస్తూ తెల్లవారే దాకా చూద్దాం అనుకుంటే చేయి దాటిపోతుంది.

3. స్టాండు చాలని జబ్బు

కొన్ని కుక్కలకు అన్నవాహిక సాగిపోయి కండరాలు పనిచేయవు. మెగాఈసోఫేగస్ అని దీని పేరు. తిన్నది జీర్ణం కాకుండానే, పొట్ట ఎగదన్నకుండానే, ముద్దగా గొట్టం ఆకారంలో బయటికి వచ్చేస్తుంది. వాంతికి, దీనికి తేడా ఆ ఎగదన్నడంలోనే ఉంది.

ఈ జబ్బున్న కుక్కకు గిన్నెను ఛాతీ ఎత్తుకు తెస్తే సరిపోదు. మనిషి కూర్చున్నట్టు ఒంటిని నిటారుగా నిలిపి తినిపించి, తిన్నాక కూడా డాక్టరు చెప్పినంత సేపు, సాధారణంగా పావుగంట నుంచి అరగంట, అలాగే ఉంచాలి. అందుకోసం చేసే ప్రత్యేకమైన కుర్చీని బెయిలీ చెయిర్ అంటారు. కొలతలిస్తే ఊళ్లో వడ్రంగి చేసిపెట్టగలిగినదే. తిన్నది ఊపిరితిత్తుల్లోకి పోతే న్యుమోనియా వస్తుంది గనుక ఇక్కడ సొంత ప్రయోగాలు వద్దు.

4. కొలతలు తీసుకోండి

కావలసినవి: కుట్టుపనికి వాడే టేపు, పెన్సిల్, ఒక పుస్తకం, సాయానికి ఇంకొకరు. కుక్కను చదునైన నేల మీద, నాలుగు కాళ్లూ సమానంగా పెట్టి నిలబెట్టాలి. ఒకరు ముందు నిలబడి దాని తల మామూలు ఎత్తులో ఉండేలా చూస్తుంటే రెండోవారు కొలవాలి.

మూడు కొలతలు రాసుకోండి:

- నేల నుంచి మూపు వరకు, అంటే మెడ మొదట్లో రెండు భుజాల ఎముకలు కలిసేచోటు వరకు. వీపు మీద పుస్తకాన్ని అడ్డంగా ఆనించి గోడ మీద గీత పెడితే ఇది సులువు.
- నేల నుంచి ఛాతీ అడుగు వరకు, ముందుకాళ్ల మధ్య.
- నేల నుంచి మోచేయి కొన వరకు.

రెండోది అన్నిటికంటే ముఖ్యం. గిన్నె అంచు ఛాతీ అడుగు ఎత్తును దాటకూడదన్నది మనం పెట్టుకునే పై హద్దు. మూపు కొలతలోంచి ఆరంగుళాలు తీసేస్తే స్టాండు ఎత్తు వస్తుందని ఒక సూత్రం వాడుకలో ఉంది. పొట్టికాళ్ల డాక్స్‌హండ్‌కు, పొడుగుకాళ్ల ముధోల్‌కు ఒకే ఆరంగుళాలు ఎలా సరిపోతాయో ఆ సూత్రం చెప్పదు. దాన్ని పక్కన పెట్టండి.

బొచ్చు దట్టంగా ఉన్న కుక్కకు టేపును బొచ్చు కింద చర్మానికి ఆనించి కొలవాలి. గోల్డెన్ రిట్రీవర్ ఛాతీ కింద వేలాడే వెంట్రుకలను కలిపి కొలిస్తే కొలత రెండు మూడు సెంటీమీటర్లు తప్పుతుంది.

5. కొనే ముందు పీటతో పరీక్షించండి

మొత్తం పనిలో ఎక్కువ ఓపిక పెట్టాల్సింది ఇక్కడే. అంగట్లో దొరికే ఏ స్టాండూ చెప్పలేనిది వంటింటి పీట చెబుతుంది.

తిండి పెట్టే గిన్నెను రెండు దళసరి పుస్తకాల మీదో అడ్డంగా పడుకోబెట్టిన ఇటుకల మీదో చెక్కపీట మీదో పెట్టండి. పాతకాలపు మామూలు ఇటుక మందం సుమారు మూడంగుళాలు, అంటే ఏడున్నర సెంటీమీటర్లు. గిన్నె జారకుండా కింద తడిగుడ్డ మడత వేయండి. గుండ్రని అడుగున్న గిన్నె అయితే కుండల కింద పెట్టే చుట్టకుదురు వాడుకోవచ్చు.

వరుస ఇలా:

1. మొదట గిన్నె అంచు నేల నుంచి 10 సెంటీమీటర్ల ఎత్తులో ఉండేలా పెట్టండి. చిన్న కుక్క అయితే 5 సెంటీమీటర్లు చాలు.
2. అదే ఎత్తులో రెండు రోజులు పెట్టి, పక్క నుంచి వీడియో తీయండి.
3. మోచేతులు ఇంకా వంగుతుంటే రెండు మూడు సెంటీమీటర్లు పెంచండి. మళ్లీ రెండు రోజులు చూడండి.
4. మోచేతులు వంగకుండా, కాళ్లు ఎడం కాకుండా తిన్న మొదటి ఎత్తు దగ్గర ఆగిపోండి. ఇంకొంచెం పెంచితే ఇంకా సుఖంగా ఉంటుందేమో అనే ఆలోచన రానివ్వకండి.
5. ఛాతీ అడుగు కొలత దాకా వెళ్లినా ఇబ్బంది తగ్గకపోతే సమస్య ఎత్తుది కాదు. గిన్నెను కిందికి దించి డాక్టరుకు వీడియోలు చూపించండి.

ఉదాహరణకు ఒక ముసలి ల్యాబ్రడార్‌కు ఛాతీ అడుగు 28 సెంటీమీటర్ల దగ్గర ఉందనుకుందాం. పది దగ్గర మొదలుపెట్టి, పదమూడు, పదహారు దాటి పద్దెనిమిది దగ్గర మోచేతులు నిటారుగా నిలిచాయంటే దానికి కావలసినది 18. హద్దు 28 కదా అని 28 సెంటీమీటర్ల స్టాండు తెస్తే అది పది సెంటీమీటర్లు ఎక్కువ.

సరైన ఎత్తులో మెడ కిందికి వాలుగా ఉంటుంది, ముక్కు మూపు కంటే చాలా కిందే ఉంటుంది. గడ్డం పైకెత్తి గిన్నెలోకి తొంగిచూస్తున్నా, దగ్గుతున్నా, పొలమారుతున్నా ఎత్తు ఎక్కువైందని అర్థం.

మరో సంగతి చాలామంది గమనించరు. కుక్క నోరు చేరాల్సింది గిన్నె అంచుకు కాదు, అడుగుకు. తొమ్మిది సెంటీమీటర్ల లోతున్న గిన్నెలో ఆఖరి ముద్ద అంచు కంటే తొమ్మిది సెంటీమీటర్లు కింద ఉంటుంది. ఐదు సెంటీమీటర్ల లోతున్న గిన్నె వాడితే అంచు ఎత్తు పెంచకుండానే నాలుగు సెంటీమీటర్ల వంపు తగ్గినట్టు. అందుకే పరీక్ష చేసిన గిన్నె లోతు కూడా రాసి పెట్టుకోండి. వేరే లోతు గిన్నెతో స్టాండు కొంటే మీ లెక్క మారిపోతుంది.

6. గిన్నెను ఎంచుకోండి

గిన్నె ముందు, స్టాండు తర్వాత. దుకాణాల్లో రెండూ కలిపి అమ్ముతారు కాబట్టి స్టాండు అందం చూసి పనికిరాని గిన్నెను ఇంటికి తెచ్చుకోవడం మామూలైపోయింది.

ఆకారం కుక్క మూతిని బట్టి ఉండాలి. పగ్, షిట్జూ లాంటి చప్పిడి మూతి కుక్కలకు లోతు తక్కువగా, నోరు వెడల్పుగా ఉన్న పళ్లెం లాంటిది కావాలి. లోతైన గిన్నెలో వాటి ముఖం మొత్తం దూరుతుంది, తింటూ ఊపిరి తీసుకోవడం కష్టమవుతుంది. వాటికి కొద్దిగా ముందుకు వాలిన గిన్నెలు కూడా బాగుంటాయి. కాకర్ స్పానియల్ వంటి వేలాడే చెవుల కుక్కకు నోరు ఇరుకుగా, లోతుగా ఉన్నది నప్పుతుంది, చెవులు బయటే ఉండిపోతాయి. నాటు కుక్కలకు, రాజపాళయం, ముధోల్ వంటి పొడుగు మూతి కుక్కలకు మామూలు గిన్నె సరిపోతుంది.

పరిమాణం విషయంలో ఒక పూట తిండి వేశాక గిన్నె సగం నుంచి మూడింట రెండు వంతులు మాత్రమే నిండాలి. పెరుగన్నమో కోడిమాంసం కలిపిన అన్నమో పెట్టే ఇళ్లలో తిండి పరిమాణం పొడి గుళికల కంటే ఎక్కువ ఉంటుంది. దుకాణంలో గుళికల లెక్కన చెప్పే సైజు మీకు చాలకపోవచ్చు.

నీళ్ల గిన్నె లెక్క వేరు. ఆరోగ్యంగా ఉన్న కుక్క రోజుకు కిలో బరువుకు సుమారు 50 నుంచి 60 మిల్లీలీటర్ల నీళ్లు తాగుతుంది. 30 కిలోల కుక్కకు 1.5 నుంచి 1.8 లీటర్ల దాకా అన్నమాట. మన మే నెల ఎండల్లో ఇంకా ఎక్కువ. అర లీటరు పట్టే గిన్నె కొని రోజుకోసారి నింపితే కుదరదు.

దేనితో చేసినది మంచిదంటే నా ఓటు స్టీలుకే. ప్లాస్టిక్ మీద పళ్ల గీతలు పడతాయి, ఆ గీతల్లో జిడ్డు, సూక్ష్మజీవులు నిలుస్తాయి. కొన్ని కుక్కలకు గడ్డం కింద పొక్కులు కూడా వస్తాయి. పింగాణీ బరువుగా కదలకుండా ఉంటుంది. పగులు పట్టినా, పెచ్చు ఊడినా మాత్రం తీసిపారేయాలి. స్టీలులో 304 గ్రేడు తుప్పు పట్టకుండా ఎక్కువ కాలం మన్నుతుంది. అంగట్లో అయస్కాంతం పెట్టి "చూడండి, అంటుకోవడం లేదు, మంచి స్టీలు" అంటారు. చవకరకం 202 గ్రేడు కూడా అయస్కాంతానికి అంటుకోదు. ఆ పరీక్షతో రెండింటినీ వేరు చేయలేం, గిన్నె అడుగున ముద్ర చూసుకోండి.

7. స్టాండును ఎంచుకోండి, లేదా చేయించుకోండి

పీట పరీక్షలో తేలిన ఎత్తు, ఒక అంకెగా, ఇప్పుడు మీ దగ్గర ఉంది. పెట్టె మీద రాసిన ఎత్తు స్టాండుదా, గిన్నె అమర్చాక అంచుదా అని అడగండి. టేపు వెంట తీసుకెళ్లి కొలిస్తే ఇంకా నయం. ఆన్‌లైన్‌లో కొంటే తిరిగి తీసుకునే వీలుందో లేదో ముందే చూసుకోండి.

ఎత్తు మార్చుకునే వీలున్నది ముసలి కుక్కకు మేలు, కీళ్ల పరిస్థితి కాలంతో మారుతుంది గనుక. అయితే మరలు బిగించే రకాల్లో మర వదులైతే గిన్నె ఒక పక్కకు ఒరుగుతుంది. కొనేటప్పుడు గిన్నెలో నీళ్లు పోసి, అంచును ఒకవైపు బొటనవేలితో గట్టిగా నొక్కండి. అవతలి కాలు లేచిందంటే వదిలేయండి.

ఎక్కువ తడి తగిలే వస్తువు కాబట్టి ఎండీఎఫ్‌తో, అంటే చెక్కపీచును జిగురుతో అదిమి చేసిన పలకతో, చేసినవి వద్దు, నీళ్లు తగిలితే ఉబ్బి పొరలుగా ఊడిపోతాయి. కర్ర అయితే పాలిష్ పట్టించిన గట్టి కర్ర, ఇనుము అయితే పౌడర్ కోటింగ్ ఉన్నది తీసుకోండి.

వెల్డింగ్ షాపులో చేయించుకోవడం చాలా సందర్భాల్లో మంచి దారి. మీ అంకెకు తగ్గట్టు వస్తుంది. షాపుకు వెళ్లేటప్పుడు గిన్నెను తప్పకుండా పట్టుకెళ్లండి. రింగు కొలత గిన్నె అంచు కింది వెడల్పును బట్టి ఉండాలి. పైఅంచు కొలతతో చేస్తే గిన్నె రింగులోంచి జారిపోతుంది. చెప్పాల్సినవి:

- గిన్నె అంచు నేల నుంచి ఎంత ఎత్తులో ఉండాలో, సెంటీమీటర్లలో
- కాళ్లు పైన కంటే కింద ఎడంగా ఉండాలని
- వెల్డింగ్ ముద్దలు గరుకు లేకుండా రుద్దాలని
- కాళ్లకు రబ్బరు బుడిపెలు వేయాలని
- తిండికి, నీళ్లకు వేర్వేరు స్టాండ్లు కావాలని

చివరిది ఎందుకంటే రెండు రింగుల స్టాండులో రెండు గిన్నెలూ ఒకే ఎత్తులో ఉండిపోతాయి. తిండి నీళ్లలో, నీళ్లు తిండిలో పడతాయి. విడివిడిగా ఉంటే తిండిగిన్నెను నేల మీద ఉంచి నీళ్లది మాత్రం కొంచెం ఎత్తు పెట్టే వీలుంటుంది. పర్‌డ్యూ వారు ముప్పుగా లెక్కించినది తిండిగిన్నెనే. నీళ్లు తాగడానికి వంగలేక తాగడమే తగ్గించే ముసలి కుక్కకు ఇది ఆలోచించదగిన మార్గం.

8. చోటు సిద్ధం చేయండి

నడిచే దారిలో, తలుపు వెనక, అందరూ తిరిగే వంటింటి గుమ్మం దగ్గర పెట్టవద్దు. కంగారు పడ్డ కుక్క గబగబా మింగుతుంది. కుక్క నాలుగు కాళ్లూ పట్టేంత మ్యాటు పరచాలి. గిన్నె కింద మాత్రమే వేసిన చిన్న చాప వల్ల శుభ్రం సులువవుతుందే తప్ప కుక్క కాళ్లకు పట్టు దొరకదు.

చీమల బెడదకు స్టాండు కాళ్లు నిజంగా కలిసొస్తాయి. ఒక్కో కాలు కింద నీళ్లు పోసిన చిన్న మూత పెడితే చాలు, పాలు, నెయ్యి పెట్టే అలమర కాళ్లకు చేసే ఏర్పాటే ఇది. ఆ నీళ్లలో ఫినాయిలో చీమల మందో కలపవద్దు, కుక్క నాకుతుంది. దోమలు పెరగకుండా రోజూ మార్చాలి.

రెండు కుక్కలుంటే ఒక్కోదానికి దాని కొలతతో దాని గిన్నె. పక్కపక్కన పెడితే పోటీపడి మింగుతాయి కాబట్టి ఎడంగా, వీలైతే వేర్వేరు గదుల్లో పెట్టండి.

9. అలవాటు చేయండి

పీట పరీక్ష సరిగా చేసి ఉంటే కుక్క సగం అలవాటు పడే ఉంటుంది. మిగిలింది స్టాండు అనే కొత్త వస్తువు. మొదటి రోజు ఖాళీ స్టాండును తిండి చోటుకు దగ్గరగా ఉంచి వాసన చూడనివ్వండి. మర్నాడు గిన్నె అమర్చి ఇష్టమైన తినుబండారం ఒకటి అందులో వేయండి. ఆ తర్వాత పూర్తి భోజనం. ఆకలి వేస్తే అదే తింటుందిలే అని పస్తు పెట్టవద్దు.

మొదటి పది రోజులు రోజూ గమనించాల్సినవి:

- తినడానికి పట్టే సమయం ముందుకంటే తగ్గిందా? తగ్గితే మంచిదని మురిసిపోకండి, మింగే వేగం పెరిగిందేమో చూడండి.
- తిన్నాక దగ్గు, త్రేన్పులు, కక్కడం ఉన్నాయా?
- పొట్ట ఉబ్బుతోందా?
- నీళ్లు తాగడం తగ్గిందా?

10. తరచూ వచ్చే చిక్కులు

*కుక్క గిన్నె దగ్గరికి రావడం లేదు.* మెడ బిళ్ల స్టీలు అంచుకు తగిలి చేసే టంగుమనే శబ్దానికి భయపడుతుందేమో చూడండి. తినేటప్పుడు మెడపట్టీ తీసేయండి. గిన్నె రింగులో కదులుతూ చప్పుడు చేస్తుంటే అంచు కింద సన్నటి రబ్బరు పట్టీ అతికించండి. మెడ నొప్పి ఉన్న కుక్కకు పట్టీ బదులు ఛాతీకి కట్టే హార్నెస్ వాడటం ఎటూ మేలు.

*స్టాండును తోసుకుంటూ గది అంతా తిరుగుతోంది.* గోడకు ఆనించి పెట్టండి. అయినా ఆగకపోతే అడుగున బరువు కట్టించండి. గిన్నె మరీ పెద్దదై తిండి అడుగున పలుచగా ఉన్నా కుక్క నాలుకతో తోస్తూనే ఉంటుంది.

*మూతి నుంచి తిండి చుట్టూ పడుతోంది.* ఎత్తు ఎక్కువైనప్పుడు ఇలా జరుగుతుంది. రెండు సెంటీమీటర్లు తగ్గించి చూడండి. తగ్గించినా పడుతుంటే పళ్లు చూపించాలి.

*ఇప్పటికీ పడుకునే తింటోంది.* బాధ లేకుండా, హాయిగా పడుకుని తినే కుక్కలు ఉంటాయి, అది వాటి ఇష్టం. కొత్తగా మొదలైతేనే ఆలోచించాలి. అప్పుడు కూడా ముందుకాళ్లను మాత్రమే చూసి ఊరుకోవద్దు, వెనక కాళ్లలో నొప్పి ఉన్న కుక్క కూడా నిలబడలేదు. దానికి స్టాండు చేసే సాయం కొంచెమే.

*పిల్ల పెరుగుతుంది కదా అని పెద్ద స్టాండు కొన్నాం.* పక్కన పెట్టేయండి. కుక్కపిల్లకు స్టాండు అవసరం లేదు. అది ముసలిదయ్యాక కావాలంటే అప్పటి కొలతతో చూసుకోవచ్చు.

11. కడగడం, మళ్లీ కొలవడం

తిండిగిన్నెను ప్రతి పూటా సబ్బు, వేడినీళ్లతో కడగాలి. నీళ్ల గిన్నెను రోజూ ఖాళీ చేసి, వేలితో రుద్దితే జారే పొర పోయేదాకా తోమాలి. పైపైన తొలిపి మళ్లీ నింపితే ఆ పొర అలాగే ఉంటుంది. కుక్క గిన్నెకు విడిగా ఒక పీచు పెట్టుకోండి. రింగు లోపలి అంచు, రబ్బరు బుడిపెల కింద వారానికోసారి శుభ్రం చేయండి, ఎక్కువ దుర్వాసన అక్కడి నుంచే వస్తుంది.

ముసలి కుక్కకు మూడు నాలుగు నెలలకోసారి మళ్లీ పక్క నుంచి వీడియో తీసి పాతదానితో పోల్చండి. మోచేతులు మళ్లీ వంగుతుంటే ఎత్తు పెంచే ముందు డాక్టరుకు చూపించండి, మందు మోతాదు మార్చాల్సిన సమయం అయి ఉండవచ్చు. ఆపరేషన్ తర్వాత కొన్నాళ్ల కోసం స్టాండు వాడినవారు డాక్టరు సరేనన్నాక పెంచిన పద్ధతిలోనే, రెండు మూడు సెంటీమీటర్ల చొప్పున దించుకుంటూ గిన్నెను నేలకు తేవాలి.